ఆయ్ అన్న పాపానికి మూడు రోజులు

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే, రొయ్యల చెరువుల మధ్య మా ఊరు. మా ఊరి ఆడవాళ్ళు ఊరు దాటారంటే మురమళ్ళ వీరేశ్వరస్వామి కల్యాణానికో, జబ్బు చేసి అమలాపురం ఆసుపత్రికో అయివుంటుంది. నేను ఒక కాగితం కోసం దాటాను. గురువారం పొద్దున్న బయల్దేరి శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చాను. కోనసీమ పొలిమేర దాటలేదు. అయినా అంత దూరం నా జన్మలో ఎప్పుడూ వెళ్ళలేదు.

నాకు సంతకం వచ్చు. బస్సు బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుంటాను, చదవడం పూర్తయ్యేసరికి బస్సు వెళ్ళిపోతుంది. అందుకని నేను చెప్తుంటే మా అమ్మాయి దుర్గ రాస్తోంది. అన్నది అన్నట్టు రాయమన్నాను. తిట్లు మాత్రం తీసేస్తానంది. తీసేసుకోమన్నాను.

మా వైపు కాని వాళ్ళకి ముందు ఒక సంగతి చెప్పాలి. మేము ‘ఆయ్’ అంటాం. అవును అన్నా ఆయ్, సరే అన్నా ఆయ్. ఎవరైనా మాట్లాడుతుంటే, వింటున్నానండి, చెప్పండి అనడానికి కూడా ఆయ్. అవతలి మనిషి మాట్లాడుతుంటే ఆయ్ అనకుండా నిలబడ్డవాళ్ళని మా ఊళ్ళో పొగరుబోతులంటారు. ఆ మర్యాద పట్టుకునే నేను మునిగాను.

అమలాపురం

నా పెనిమిటి పోయి ఆరేళ్ళయింది. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఆడించబోయి, తడిచేత్తో స్విచ్చి పట్టుకున్నాడు. అప్పట్నుంచి నేను రొయ్యల షెడ్డులో తలలు తీస్తున్నాను. పొద్దస్తమానం చేతులు ఐసులో ఉంటాయి. గోళ్ళ పక్కన చర్మం ఊడిపోయి ఉల్లిపొరలా లేస్తుంది. చింతపండు పెట్టి తోమినా ఆ వాసన పోదు. అమలాపురం బస్సులో నా పక్కన కూర్చున్న పట్టుచీర ఆవిడ రెండు స్టాపులు ఊపిరి బిగబట్టి, మూడో స్టాపులో వెనక సీటుకి మారిపోయింది. నేనేమీ అనుకోలేదు. నా ముక్కుకి అలవాటైపోయింది, ఆవిడకి కాలేదు.

దుర్గ చేతులు ఐసులో పెట్టనివ్వకూడదని నా పట్టు. ఇంటరు చదివింది. అమలాపురంలో ఒక కాలేజీలో ఆరు నెలల కోర్సు పెట్టారు. ఆసుపత్రుల్లో రోగుల్ని లేవదీయడం, బీపీ చూడడం, పక్కలు మార్చడం నేర్పి, కాకినాడ ఆసుపత్రిలో పని ఇప్పిస్తారు. ఫీజు లేదు. సీటొచ్చింది. సోమవారం నుంచి క్లాసులకి వెళ్తోంది. బుధవారం సాయంత్రం బిక్కమొహం వేసుకొచ్చి, "అమ్మా, రేపు నిన్ను రమ్మంటున్నారు" అంది.

ఆఫీసు గదిలో కళ్ళద్దాల మేడంగారు కంప్యూటరు చూస్తూ అడిగారు. "ఏవమ్మా, మీ అమ్మాయికి ఉద్యోగం ఉంది కదా, మళ్ళీ మా దగ్గరికెందుకు పంపేరు?"

"ఉద్యోగమాండి? ఎక్కడండి?"

"కొత్తపేట. కొబ్బరి పీచు పట్టాలు కుట్టే కంపెనీ. చేరి ఏడాది దాటిందంట."

నేను దుర్గ మొహం చూశాను, దుర్గ నా మొహం చూసింది. రెండేళ్ళ కిందట ఇదే అమలాపురంలో ఒక మేడ మీద మూడు నెలలు కుట్టు మిషను నేర్పారు. వెళ్ళింది. టోపీ ఇచ్చారు, సంచీ ఇచ్చారు, ఫొటో తీసి సర్టిఫికెట్టిచ్చారు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. అక్కడ నేర్చుకున్న మాటొకటి ఇంటికి తెచ్చింది. ఆయ్ అనకూడదంట, ‘ఎస్ మేడం’ అనాలంట. అప్పట్నుంచి నాతో కూడా ఆయ్ అనడం మానేసింది.

"మా అమ్మాయి కొత్తపేట మొహమే చూళ్ళేదండి," అన్నాను.

"ఫోన్ చేసి కనుక్కున్నారని ఉందమ్మా ఇక్కడ. తల్లి ఒప్పుకుంది అని రాసుంది."

ఫోను వచ్చిన సంగతి గుర్తుంది. షెడ్డులో ఉన్నాను. రెండు చేతులూ ఐసులో ఉంటే, పక్కావిడ ఫోను నా భుజానికీ చెవికీ మధ్య ఇరికించింది. మిషన్ల హోరు. ఎవరో ఆడపిల్ల గబగబా ఏదో అడుగుతోంది.

మేడంగారు చెడ్డావిడ కాదు. ఒకసారి నేర్పించి ఉద్యోగం ఇప్పించినవాళ్ళకి మళ్ళీ సీటు ఇవ్వరంట, అది పైవాళ్ళ నిబంధన అన్నారు. "కుట్టు నేర్పినవాళ్ళు ఇప్పుడు రాజోలు మారిపోయేరు. వాళ్ళనడగండి. లేదంటే కొత్తపేట కంపెనీ వాళ్ళే రాసివ్వాలి. శనివారం నాలుగింటికి జాబితా మూసేస్తాం. ఈలోగా అమ్మాయి క్లాసు మానకూడదు, హాజరు పోతుంది. మీరే తిరగాలి. కాగితంలో ఏముండాలో బాగా గుర్తెట్టుకోండి. ‘ఎప్పుడూ పని చెయ్యలేదు’ అనుండాలి. ‘చేసి మానేసింది’ అనుంటే మాత్రం సీటు రాదు. ఇచ్చిన ఉద్యోగం వదులుకుందని లెక్క."

"ఆయ్," అన్నాను.

దుర్గ నా మోచెయ్యి గిల్లింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. కాగితం చేతికొచ్చేదాకా ఆ మాట అనకే."

అననని దాని నెత్తి మీద చెయ్యి పెట్టాను.

వైనతేయ దాటి

ఆ రాత్రి అమలాపురంలో మా ఆడపడుచు ఇంట్లో తలదాచుకుని, పొద్దున్నే బస్టాండు బయట పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్డెన్లవి. రెండు ఇరవై రూపాయలు. మా ఊళ్ళో పనసాకులు మేకలకి వేస్తాం, ఇక్కడ వాటి వాసన అమ్ముతున్నారు. తిన్నాక రాజోలు బస్సనుకుని ముక్తేశ్వరం బస్సెక్కాను. ‘రా’కీ ‘ము’కీ తేడా తెలియక కాదు, తొందరలో చూసుకోలేదు. కండక్టరు ఈదరపల్లి దగ్గర దింపేశాడు. దిగేటప్పుడు చెప్పు తెగింది. కొంగు అంచు చింపి కట్టుకుని, మళ్ళీ వెనక్కి నడిచాను.

రాజోలు బస్సులో నా పక్కన నల్లంచు చీర కట్టుకుని, మొగాళ్ళ గడియారం పెట్టుకున్న మనిషి కూర్చుంది. పేరు మంగతాయారు. నా చేతుల వాసనకి జరగలేదు. "రొయ్యల షెడ్డాండి?" అనడిగింది.

నోటి దాకా ఆయ్ వచ్చింది. మింగి తలూపాను.

"ఏవండీ, నోట్లో కిళ్ళీ ఉందాండి?"

అప్పుడు మొత్తం చెప్పాను. బోడసకుర్రు దగ్గర వంతెన ఎక్కేసరికి ఆవిడ నవ్వుతోంది. నా మీద కాదు. పదకొండేళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో చేసొచ్చిన మనిషి. "మొదట్లో మా మేడం పిలిస్తే నేనూ ఆయ్ అనేదాన్నండి. ఎక్కడ నెప్పి అనడిగేది. రెండు నెలలు మాత్రలిచ్చిందండి ఆవిడ. ఊరికే ఎందుకు పారెయ్యడమని మింగేదాన్ని."

వంతెన కింద వైనతేయ నీళ్ళు నిండుగా, బురదరంగులో ఉన్నాయి. ఆవిడకి అరబ్బీ వచ్చు, అరవై మందికి ఒక్కచేత్తో వండడం వచ్చు, మంచం పట్టిన ముసలాయన్ని నాలుగేళ్ళు ఎత్తి దింపింది. ఇక్కడికొచ్చి ఆసుపత్రిలో పని అడిగితే సర్టిఫికెట్టు ఏదన్నారంట. "మా దుర్గకి కావలసిన పనే అది," అన్నాను. "నాకు పనొచ్చు, కాగితం లేదండి. మీ అమ్మాయికి కాగితం ఉంది, పని లేదు. ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చేస్తే బావుండునండి," అంది.

రాజోలు

కుట్టు కేంద్రం బట్టల కొట్టు మీద ఉంది. గదిలో పన్నెండు మిషన్లు, నలుగురు పిల్లలు. బల్ల దగ్గర సుజాత అనే అమ్మాయి. దుర్గ కంటే రెండేళ్ళు పెద్దదేమో. మాట వినగానే తెలిసింది, మా వైపు పిల్లే. నా సంగతి విని, కంప్యూటరులో వెతికి, "మీ గొంతు ఉంది పిన్నిగారూ. వింటారా?" అంది.

మనిషి తన గొంతు తాను వినకూడదు. లోపల మిషన్ల హోరు, దాని వెనక నా గొంతు, ఎవరో ముసల్దాని గొంతులా.

"నమస్తే అమ్మా, దుర్గ వాళ్ళ ఇల్లేనా?"

"ఆయ్."

"ట్రైనింగ్ పూర్తయింది కదమ్మా?"

"ఆయ్."

"కొత్తపేట కంపెనీలో చేరింది కదమ్మా?"

"ఆయ్..."

"జీతం వస్తోంది కదమ్మా?"

"ఆయ్, ఇంతకీ ఎవరండి మాట్లాడేది?"

అక్కడితో కట్టయింది.

"నేను వింటున్నానని అన్నానమ్మా, అవునని కాదు," అన్నాను.

"నాకు తెలుసు పిన్నిగారూ. మా అమ్మా అలాగే అంటుంది. ఫోన్ చేసినావిడ ఈ జిల్లా మనిషి కాదు. ఆవిడకి ఎన్ని అవున్లు దొరికితే అంత మంచిది." గొంతు తగ్గించింది. "నేనూ ఇక్కడే మిషను నేర్చుకున్నాను. నన్నిక్కడే కూర్చోబెట్టేరు. మా బ్యాచ్‌లో నిజంగా ఉద్యోగమొచ్చింది నాకొక్కదానికే. ఇది రాసేననుకోండి, అదీ ఉండదు."

ఆ పిల్లని ఇంకేమడుగుతాను? కొత్తపేట కంపెనీ గుర్తులు చెప్పింది. మెట్ల దాకా వచ్చి, తెగిన చెప్పు చూసి, బల్ల కింద నుంచి తన చెప్పులు తీసిచ్చింది. అర అంగుళం పొట్టి. అవే వేసుకు వచ్చాను.

కింద నా కోసం ఆగిన మంగతాయారు, రాజోల్లోనే ఉన్న తన ఇంటికి రమ్మని ఎంతో బలవంతం చేసింది. ఆ పూట ఆవిడ అన్నంలో కొబ్బరి, ఎండుద్రాక్ష వేసి అరబ్బుల పద్ధతిలో వండింది. తియ్యటి అన్నంలో మాంసం నాకు మింగుడు పడలేదు. ఆవిడ అది చూసి, కొత్తావకాయ పక్కన పెట్టింది. "పదకొండేళ్ళు దీనికోసం ఏడిచేనండి. వచ్చేక, ఆ తియ్యన్నం కోసం ఏడుస్తున్నాను," అంది. ఆవిడ తలుపుకి లోపలివైపు గడియ లేదు. కువైట్ ఇళ్ళల్లో పనివాళ్ళ గదికి గడియ ఉండదంట, అలవాటైపోయి పెట్టించుకోలేదంట. నాకు నిద్ర పట్టలేదు.

వాడపల్లి బస్సు

శనివారం కావడంతో బస్సు నిండా వాడపల్లి వెంకన్న మొక్కులవాళ్ళే. ఏడు శనివారాలు వెళ్ళి ప్రదక్షిణలు చేస్తే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. గన్నవరం అక్విడెక్టు దగ్గర, కింద గోదారి, పైన కాలవ పారుతుంటే, అందరూ కిటికీల్లోంచి దణ్ణాలు పెట్టారు. నేనూ పెట్టాను.

పక్కన బొట్టు పెద్దావిడ అడిగింది. "ఎన్నో వారం అండి మీకు?"

"ఇదే మొదటిదండి. ఇదే ఆఖరిది."

"అలా అనకూడదండి. ఏడూ చెయ్యాలి. మా మనవడికి అయిదో వారానికే దుబాయిలో పనొచ్చేసింది."

బస్సంతా అదే గొడవ. ఒకరికి కూతురి ఉద్యోగం, ఒకరికి కొడుకు వీసా, వెనక సీటులో ఒకాయనకి ఐటీఐ పాసైన అల్లుడు. అంతమంది మొక్కుల్లో పని తప్ప ఇంకో కోరిక వినపడలేదు. నేను మాత్రం మనసులో ‘ఎప్పుడూ చెయ్యలేదు, ఎప్పుడూ చెయ్యలేదు’ అని జపం చేసుకుంటూ కూర్చున్నాను. అందులో ఒక్క ముక్క మర్చిపోయినా కొంప మునుగుతుందని నా భయం.

కొత్తపేట

కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు. బయట కొబ్బరి డొక్కల గుట్ట. లోపల ఒక మూల పాలిథీన్ కప్పిన కుట్టు మిషన్లు, దాని మీద వేలెడు దుమ్ము. ఇద్దరాడవాళ్ళు కింద కూర్చుని పీచు దులుపుతున్నారు. మా అమ్మాయి పేరు చెప్పగానే ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"దుర్గా? ఉప్పలగుప్తం వైపు పిల్లేనాండి?" అంది పెద్దావిడ. "హాజరు పుస్తకంలో మా కింది పేరేనండి. ఒక్కరోజు నాగా పెట్టదు."

రెండో ఆవిడ అందుకుంది. "మొన్న గాలివానకి మేం రాలేదండి. ఆ పిల్ల వచ్చింది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అది మధ్యలో ఏడుపైంది. వాళ్ళు నవ్వు ఆపేశారు. పెద్దావిడ చెయ్యి దులుపుకుని, "ఇలా వచ్చినవాళ్ళలో మీరు మొదటివారు కాదండి. లోపల మేనేజరుగారు ఉన్నారు, వెళ్ళండి. మంచిగానే మాట్లాడతారు," అంది.

మంచిగానే మాట్లాడాడు. అదే నా ఖర్మ. పేరు రాంబాబు. యాభై దాటిన మనిషి. నన్ను చూడగానే లేచి, "రండి అక్కగారూ, కూర్చోండి" అని కుర్చీ లాగాడు. మూడు రోజుల్లో ఏ ఆఫీసులోనూ నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. దబ్బాకు వేసిన మజ్జిగ తెప్పించాడు. పెనిమిటి ఎలా పోయాడో అడిగాడు. చెప్తుంటే కళ్ళు తుడుచుకున్నాడు. అది దొంగ ఏడుపని నేను ఇప్పటికీ అనలేను.

"ఆ పేర్లు మా ఓనరుగారూ, రాజోలు వాళ్ళూ మాట్లాడుకుని రాసుకున్నవండి. నేను జీతగాణ్ణి. అయినా ఆడకూతురి బతుకు కదా, రాసిస్తాను," అన్నాడు.

"ఎప్పుడూ చెయ్యలేదని ఉండాలండి. మానేసిందని ఉండకూడదండి," అన్నాను. అప్పజెప్పినట్టే చెప్పాను.

కంపెనీ కాగితం మీద రాశాడు. చాలాసేపు రాశాడు, మధ్యలో పెన్ను ఆపి కిటికీలోకి చూశాడు. ముద్ర వేసి, పైకి చదివాడు.

"‘సదరు దుర్గ అను నామె ప్రస్తుతము మా సంస్థ యందు పని చేయుట లేదనియు, ఆమె స్వచ్ఛందముగా విధుల నుండి వైదొలగి యున్నదనియు ఇందుమూలముగా ధ్రువపరచడమైనది.’ సరేనాండి అక్కగారూ?"

నేను చెవులు రిక్కించి విన్నాను. ‘పని చేయుట లేదు’ వచ్చింది. ‘మానేసింది’ రాలేదు. మిగతాదంతా పంతులుగారు సంకల్పం చెప్పినట్టు గౌరవంగా వినపడింది. మా దుర్గ పేరు అంత గౌరవంగా ఎవరూ చదవలేదు. నా చేతిలో ఆయన ఇచ్చిన మజ్జిగ గ్లాసుంది. మనిషి అంత మర్యాదగా అడిగి, నా మొహంలోకి చూస్తూ ఆగాడు.

"ఆయ్," అన్నాను.

కవరులో పెట్టి జిగురంటించాడు. ఆఫీసువాళ్ళే చించాలన్నాడు. గేటు దాకా వచ్చి, అమలాపురం బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించాడు.

మళ్ళీ అమలాపురం

మూడున్నరకి కాలేజీ మెట్లెక్కాను. పొట్టి చెప్పులకి మడమలు కోసుకుపోయాయి. దుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో కవరు చూసి దాని మొహం విచ్చుకుంది. వరండా బెంచీ మీద అల్లవరం వైపు మనిషొకాయన, కూతుర్ని పక్కన పెట్టుకుని, సర్టిఫికెట్ల సంచీ గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. ఎవరి సీటైనా ఖాళీ అయితే తరవాతి పేరు ఆ పిల్లదంట.

మేడంగారు కవరు చించి చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "ఇది మీకు చదివి వినిపించేరా అమ్మా?"

"వినిపించేరండి."

"వినిపిస్తే, మీరేమన్నారు?"

దుర్గ కాగితం తీసుకుంది. పెదాలు కదుపుతూ చదివింది. "స్వచ్ఛందంగా వైదొలగడం అంటే, తనంతట తను మానేసిందనే అమ్మా," అంది. కోపంగా అనలేదు. క్లాసులో పంతులమ్మ అర్థం చెప్పినట్టు చెప్పింది.

మేడంగారు కాగితం మీది నంబరుకి ఫోను చేశారు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశారు. మళ్ళీ ఆగింది. మేం ముగ్గురం గోడ మీద గడియారం కేసి చూశాం. నాలుగు దాటిన చాలాసేపటికి, బయట బెంచీ మీద పిల్లని పేరు పెట్టి పిలిచారు. వాళ్ళ నాన్న పరిగెత్తుకొచ్చి, మేడంగారు ఏం అడుగుతున్నారో వినకుండానే, "ఆయ్... ఆయ్ అండి... ఆయ్" అంటున్నాడు. ఆయన లుంగీకీ రొయ్యల వాసనే. తిట్టుకుందామని చూశాను, నోరు రాలేదు.

ఇంటికెళ్ళే బస్సులో కొత్తపేటలో జరిగిందంతా దుర్గకి చెప్పాను, అది కిటికీలోకి చూస్తూ వింది. తరవాత ఇటు తిరిగి, "మజ్జిగ ఇచ్చేడా అమ్మా?" అంది.

"ఇచ్చేడే."

"బావుందా?"

"బావుంది."

దుర్గ తల నా భుజం మీద పెట్టుకుంది.

షెడ్డు

సోమవారం పొద్దున్న ఆరింటికి ఇద్దరం కలిసి వెళ్ళాం. వెళ్ళొద్దని నేను బతిమాలాను. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావంది. కొంగు నడుముకి చుట్టడం, నెత్తికి గుడ్డ బిగించడం నేనే చూపించాను. ఐసు తొట్టిలో చేతులు పెట్టగానే భుజాలు పైకి లాక్కుంది. తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు.

సూపర్‌వైజరు పుస్తకం పట్టుకుని వరసలో వచ్చాడు. దుర్గ దగ్గర ఆగాడు. "కొత్తమ్మాయివా? తలలు తియ్యడం వచ్చు కదా?"

దానికి రాదు. ఎప్పుడూ చెయ్యలేదు. ఆ మాటే నేను మూడు రోజులు జపం చేశాను. ఇక్కడైనా ఆ నిజం చెప్తుందేమోనని తలెత్తి చూశాను.

దుర్గ తల దించుకునే ఉంది. రెండేళ్ళుగా దాని నోట వినని మాట, నీళ్ళలోంచి వచ్చినట్టు మెల్లగా వచ్చింది.

"ఆయ్."

అతను పేరు రాసుకుని ముందుకెళ్ళిపోయాడు.